నిష్ఫల కర్మయోగం

ఫలాపేక్ష లేకుండా పని చేయడం గురించి పెద్దలు ఎన్నో వ్యాఖ్యానాలు రాశారు. దానికి సరిగ్గా తలకిందులుగా ఉండే కర్మ మరొకటి ఉంది. ఫలం మీద కొండంత ఆశ పెట్టుకుని, ఫలమిచ్చే అవకాశం ఏ కోశానా లేని పనిని, రోజూ, విసుగూ విరామమూ లేకుండా, శ్రద్ధాభక్తులతో చేయడం. దీనిని మాత్రం ఇంతవరకు ఏ వ్యాఖ్యాతా పట్టించుకున్నట్టు లేదు. నిష్కామకర్మ కోటికొక్కరికి గాని పట్టుబడదంటారు. ఈ రెండోదానికి ఉపదేశం అక్కరలేదు, ఉపవాసం అంతకన్నా అక్కరలేదు; నిద్ర లేచింది మొదలు మళ్లీ పడుకునేదాకా మనమందరమూ ఇందులో సిద్ధహస్తులమే. ఇంత విస్తారంగా ఆచరణలో ఉన్న విద్యకు ఒక పేరైనా లేకపోవడం అన్యాయమనిపించి, దీనికి నిష్ఫల కర్మయోగమని నామకరణం చేసి, నాకు తెలిసినంతలో దీని స్వరూప స్వభావాలను వివరించబోతున్నాను.

ఈ యోగానికి ప్రధాన పీఠం లిఫ్టు. లిఫ్టు కోసం వచ్చిన మనిషిని ఒకసారి గమనించండి. బటన్ అప్పటికే వెలుగుతూ ఉంటుంది. తనకంటే ముందు వచ్చినవాడు దానిని నొక్కాడని, ఆ వెలుగుకు అర్థం అదేనని, లిఫ్టు తన దారిన తాను వస్తోందని ఇతనికి స్పష్టంగా తెలుసు. అయినా వచ్చీ రాగానే చెయ్యి చాచి అదే బటన్‌ను మళ్లీ నొక్కుతాడు. ముందు వచ్చినవాడు కొద్దిగా నొచ్చుకుంటాడు. నేను నొక్కిన నొక్కులో లోపమేమిటన్నట్టు ఒక చూపు చూస్తాడు. మూడో మనిషి వచ్చి నొక్కినప్పుడు మొదటి ఇద్దరూ కలిసి నొచ్చుకుంటారు. అర నిమిషం గడిచేసరికి అందరికంటే ముందు వచ్చినవాడే ఓర్పు నశించి, ఈసారి గబగబా నాలుగుసార్లు నొక్కుతాడు. పాపం లిఫ్టుకు ఈ రాగద్వేషాలేవీ తెలియవు. మొదటి నొక్కుతోనే ఆ అంతస్తు దాని జాబితాలో చేరిపోయింది. ఎంతమంది నొక్కారు, ఎంత కోపంతో నొక్కారు, వారిలో ఎవరికి ఎంత తొందర ఉంది అన్న వివరాలు రాసుకోవడానికి దాని దగ్గర పద్దుపుస్తకం లేదు.

లోపలికి వెళ్లాక సాధన ఇంకొక మెట్టు ఎక్కుతుంది. తలుపులు మూయడానికి ఒక బటన్ ఉంటుంది. ఒకదానివైపు ఒకటి చూసుకుంటున్న రెండు బాణాల బొమ్మ దాని గుర్తు. అమెరికాలో 1990లో వికలాంగుల హక్కుల చట్టం వచ్చాక, చక్రాల కుర్చీలోనో చేతికర్రలతోనో వచ్చేవారికి వీలుగా లిఫ్టు తలుపులు తగినంతసేపు తెరిచి ఉండాలన్న నిబంధన ఏర్పడింది. దాని ఫలితంగా అక్కడి చాలా లిఫ్టుల్లో ఆ బటన్ సామాన్య ప్రయాణికుడి మాట వినడం మానేసింది. అగ్నిమాపక సిబ్బందికీ మరమ్మతులు చేసేవారికీ తాళంచెవి తిప్పితే లొంగుతుంది, మనకు లొంగదు. అంటే బటన్ ఉంది, బొమ్మ ఉంది, వేలికి ఆనుతుంది, కొన్నిచోట్ల నొక్కగానే వెలుగుతుంది కూడా. పని ఒక్కటే చేయదు. తలుపులు తమ సమయానికి తాము మూసుకుంటాయి. నొక్కినవాడు అది తన ఘనతేనని లోలోపల నమోదు చేసుకుని, అద్దంలో తన క్రాపు చూసుకుంటాడు. వీధిలోనూ ఇదే తంతు. న్యూయార్క్ నగరంలో కాలినడకవారు రోడ్డు దాటడానికి నొక్కే బటన్లు సుమారు 3,250 ఉంటే, వాటిలో 2,500కు పైగా ఎప్పుడో పనిచేయడం మానేశాయని 2004లో పత్రికలు బయటపెట్టాయి. సిగ్నళ్లను కంప్యూటర్లు నడపడం మొదలయ్యాక బటన్ల అవసరం తీరింది. వాటిని ఊడబీకడానికి ఖర్చవుతుంది కనుక అలాగే వదిలేశారు. జనం అలాగే నొక్కారు.

అన్ని బటన్లూ ఇంతేనని ఎవరూ తొందరపడి తీర్మానించకూడదు. నిజంగా పనిచేసేవి బోలెడున్నాయి, ఈ యోగానికి మూలాధారం కూడా అవే. ఎన్నడూ పనిచేయనిదాన్ని ఎవరూ నొక్కరు. ఎక్కడో ఎప్పుడో ఒకసారి పనిచేసినదాన్ని జీవితాంతం నొక్కుతారు.

దీనికి శాస్త్రీయమైన పునాది వేసినవి పావురాలు. 1948లో బి.ఎఫ్. స్కిన్నర్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఆకలిగా ఉన్న ఎనిమిది పావురాలను తీసుకుని, ఒక్కొక్కదాన్ని పంజరంలో పెట్టి, అవి ఏమి చేసినా చేయకపోయినా నిర్ణీత వ్యవధిలో గింజలు వాటి ముందుకు వచ్చే ఏర్పాటు చేశాడు. అక్షరాలా అవి చేయవలసింది ఏమీ లేదు. అయినా కొంతకాలానికి ఎనిమిదింటిలో ఆరు పావురాలు స్పష్టమైన ఆచారాలను ఏర్పరచుకున్నాయి. ఒకటి పంజరంలో అపసవ్య దిశలో ప్రదక్షిణలు మొదలుపెట్టింది. మరొకటి పైమూలలోకి పదేపదే తల పొడవసాగింది. రెండు పావురాలు తలనూ ఒంటినీ లోలకాల్లా ఊపసాగాయి. గింజలు పడే సమయానికి తాను కాకతాళీయంగా ఏమి చేస్తోందో దాని వల్లనే గింజలు పడ్డాయని పావురం నమ్మిందని స్కిన్నర్ వాదన. 1971లో స్టాడన్, సిమెల్‌హాగ్ అనే ఇద్దరు ఈ ప్రయోగాన్ని మళ్లీ చేసి, అందులో నమ్మకమూ లేదు గిమ్మకమూ లేదు, తిండి కోసం ఎదురుచూసే వేళ ఆ జాతి పక్షులు సహజంగా చేసే కదలికలే అవి అని తేల్చారు. పండితుల తగవులో తలదూర్చే అర్హత నాకు లేదు కాని, లిఫ్టు ముందు నిలబడిన మనిషికి రెండు సిద్ధాంతాలూ కొలత తీసి కుట్టినట్టు సరిపోతున్నాయని మాత్రం మనవి చేసుకుంటున్నాను. నమ్మి నొక్కుతున్నాడో, నిలబడి ఉండలేక నొక్కుతున్నాడో చెప్పగలవారు లేరు. అతన్నే అడిగితే, తొందరలో ఉన్నానంటాడు.

నొక్కడం ఒక ఎత్తు, గట్టిగా నొక్కడం ఒక ఎత్తు. టీవీ రిమోట్‌లో బ్యాటరీలు నీరసించినప్పుడు మనిషి మొట్టమొదట చేసే పని బొటనవేలి బలాన్ని పెంచడం. ఆ మీట కింద ఒక రబ్బరు బుడిపె, దాని అడుగున ఒక కర్బనపు బిళ్ల ఉంటాయి. ఆ బిళ్ల కింది పలకను తాకిందా లేదా అన్నది తప్ప రిమోట్‌కు వేరే లోకజ్ఞానం లేదు. మన బలం బ్యాటరీలోకి ప్రవహించదు. ఆ సంగతి తెలిసి కూడా మనం వేలు ఎర్రబడేలా నొక్కి, అది చాలక చేతిని టీవీ వైపు జానెడు ముందుకు చాచి, ఇంకా చాలక మంచం మీది నుంచి ఒరిగి, శరీరాన్నంతటినీ ఆ కిరణానికి ఊతంగా ఇస్తాము. తరువాతి ఘట్టంలో రిమోట్‌ను అరచేతిలో నాలుగు దెబ్బలు కొట్టడం, వెనుక మూత తీసి బ్యాటరీలను వేలితో దొర్లించడం, కుడిదాన్ని ఎడమకూ ఎడమదాన్ని కుడికీ మార్చడం ఉంటాయి. న్యాయంగా చెప్పాలంటే ఈ చివరిది ఒక్కోసారి నిజంగానే ఫలిస్తుంది. కొసల మీద పేరుకున్న సన్నని పొర రాపిడికి తొలగుతుంది, కాసేపు విశ్రాంతి దొరికిన బ్యాటరీ కొద్దిగా తేరుకుంటుంది. కొంప ముంచేది ఈ ఒక్కోసారే. అది లేకపోతే మనం ఎప్పుడో కొత్త బ్యాటరీలు కొనేవాళ్లం.

బలానికీ ఫలితానికీ మనం కలిపే ఈ చుట్టరికం రిమోట్ కంటే చాలా పాతది. జేమ్స్ హెన్‌స్లిన్ అనే సామాజిక శాస్త్రవేత్త సెయింట్ లూయిస్ నగరంలో పాచికలాడే టాక్సీ డ్రైవర్లను గమనించి 1967లో ఒక వ్యాసం ప్రచురించాడు. వారు చిన్న అంకె కావలసినప్పుడు పాచికలను సుతారంగా, పెద్ద అంకె కావలసినప్పుడు గట్టిగా విసిరేవారట. దీనిని చదివి నవ్వుకునే హక్కు కారు నడిపేవాడి పక్క సీట్లో కూర్చుని, ఎదురుగా లారీ కనిపించగానే లేని బ్రేకును కుడికాలితో తొక్కని వారికి మాత్రమే ఉంటుంది. ఆ తొక్కుడులో ఎంత నిజాయితీ ఉంటుందో చూడండి. కాలు నేలకు ఒత్తుకుంటుంది, చేతులు తలుపు పిడిని పట్టుకుంటాయి, ఊపిరి బిగుస్తుంది. కారు ఆగిన తరువాత, ఆపింది ఇద్దరమూ కలిసేనన్న అలసట ముఖంలో కనిపిస్తుంది. నడిపినవాడికి అంత అలసట కూడా ఉండదు.

ఇక కాలంతో మనం జరిపే లావాదేవీలకు ప్రత్యేక ప్రకరణం కేటాయించక తప్పదు. 1956లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్-టెలిక్రాన్ సంస్థ స్నూజ్ అలారం పేరుతో ఒక గడియారాన్ని అమ్మకానికి పెట్టింది. నిద్ర లేపడమే ఏకైక విధిగా పుట్టిన యంత్రానికి, ఆ విధిని నిర్వర్తించనీయకుండా అడ్డుకునే మీటను, నిద్రమత్తులో తడిమినా చేతికి తగిలేంత అనువుగా అమర్చడం మానవ మేధస్సు సాధించిన అరుదైన విజయాల్లో ఒకటి. లేపవద్దని గడియారానికి చెప్పడానికి మనిషి కొంతవరకైనా లేవాలి కదా అన్న చొప్పదంటు ప్రశ్న ఎవరూ వేయలేదు. ఆ వాయిదా తొమ్మిది నిమిషాలుగా స్థిరపడింది. పళ్లచక్రాలతో నడిచే గడియారాల నాటి ఆ లెక్కను, పళ్లచక్రమన్నదే లేని ఐఫోన్ సైతం ఏళ్ల తరబడి తు.చ. తప్పకుండా పాటించింది. ఆ తొమ్మిది నిమిషాల్లో నిద్ర పట్టదు, మళ్లీ మోగుతుందన్న దిగులు వల్ల. మెలకువా రాదు, ఇంకా మోగలేదన్న ధైర్యం వల్ల. ఆరింటికి లేవదలచుకున్నవాడు ఐదున్నరకు ఒకటి, ఐదూ నలభైకి ఒకటి, ఐదూ యాభైకి ఒకటి అలారాలు పెట్టుకుని, ఆరింటికి నాలుగోది పెట్టుకుంటాడు. మొదటి మూడూ ఆపేయడానికేనని పెట్టేటప్పుడే అతనికి తెలుసు. ఇంకా లేవనక్కరలేదన్న శుభవార్తను మూడుసార్లు వినడం కోసం అతను మూడుసార్లు నిద్ర పాడుచేసుకుంటాడు.

దీనికంటే నన్ను ఎక్కువగా ఆశ్చర్యపరిచేది గోడ గడియారాన్ని ఐదు నిమిషాలు ముందుకు జరిపి పెట్టుకునే సంప్రదాయం. తనను తాను మోసగించుకోవడానికి మనిషి ఇంత బహిరంగంగా కుట్ర పన్ని, కుట్ర వివరాలన్నీ బాధితుడికి ముందుగానే తెలియజేసి, ఆ తరువాత అది పారుతుందని ఆశించడం మరే రంగంలోనూ కనిపించదు. గడియారం ఎనిమిదీ ఐదు చూపిస్తుంది. చూసినవాడు తక్షణమే ఐదు తీసివేసి, ఎనిమిదే కదా అని తాపీగా కూర్చుంటాడు. కొన్నాళ్లకు ఆ తీసివేత అలవాటై ఎదురు దెబ్బ తీస్తుంది. ఫోన్‌లో సరైన సమయం చూసినప్పుడు కూడా అందులోంచి ఐదు నిమిషాలు తీసేసుకుంటాడు. కొన్ని ఇళ్లలో హాలు గడియారం ఐదు నిమిషాలు, పడకగది గడియారం పది నిమిషాలు ముందుంటాయి. ఏ గదిలో ఎంత తీసివేయాలో ఇంటిల్లిపాదికీ కంఠతా వచ్చు. అతిథి మాత్రం పడకగదిలో నిజంగానే కంగారుపడి పరుగున బయటికి వచ్చి, హాలులోకి వచ్చేసరికి ఐదు నిమిషాలు చిన్నవాడవుతాడు. గడియారాన్ని ముందుకు జరిపినందువల్ల ఒక్కరైనా వేళకు చేరారంటే అది ఆ అతిథే.

తాళం సంగతి క్లుప్తంగా చెబుతాను. తాళం వేసి ఒకసారి లాగి చూడడం వివేకం. రెండోసారి లాగడం యోగారంభం. మూడోసారి లాగి, మెట్లు దిగి, గేటు దాకా వెళ్లి, వెనక్కి వచ్చి నాలుగోసారి లాగడం సమాధి స్థితి. అక్కడ తాళమూ లేదు, తలుపూ లేదు, లాగడమే ఉంది.

వస్తువులలో కూడా ఈ మార్గాన్ని ఆశ్రయించినవి ఉన్నాయి. జీన్స్ ప్యాంటు కుడి జేబులోపల మరో బుల్లి జేబు ఉంటుంది. జేకబ్ డేవిస్, లీవై స్ట్రాస్ 1873లో రాగి రివెట్లు బిగించిన ప్యాంట్లకు పేటెంట్ పొందిన నాటికి మనుషులు గొలుసు గడియారాలు వాడేవారు. వాటికోసం ఆ బుల్లి జేబు. తరువాత గడియారం జేబులోంచి మణికట్టుకు ఎక్కింది, మణికట్టు నుంచి ఫోన్‌లోకి దిగి మళ్లీ జేబుకే చేరింది, కాని పెద్ద జేబుకు. చిన్న జేబు మాత్రం వచ్చేవారెవరూ లేని సత్రానికి కాపలాదారులా ఈనాటికీ నాలుగు పక్కలా దిట్టమైన కుట్టుతో, సొంత రివెట్లతో నిలబడి ఉంది. రెండు వేళ్లు మాత్రమే దూరే అందులోకి పొరపాటున వెళ్లిన నాణెం ఇక మనది కాదు, ఉతికేవారిది. కోటు చేతుల చివర వరసగా ఉండే బొత్తాల వైరాగ్యం ఇంకా గొప్పది. చాలా కోట్లకు అక్కడ కాజాలే ఉండవు, కాజాల్లా కనిపించే దారపు గీతలుంటాయి. తెరుచుకోనిదాన్ని మూసి ఉంచడమే ఆ బొత్తాల జీవితాశయం.

కంప్యూటర్‌లో రాసినదాన్ని భద్రపరచడానికి నొక్కే బొమ్మ ఒక ఫ్లాపీ డిస్కుది. మూడున్నర అంగుళాల ఆ బిళ్లను సోనీ సంస్థ 1981లో ప్రవేశపెట్టింది, 2011లో జపాన్‌లో అమ్మకం ఆపేసింది. చివరికి బాగా వాడుకలోకి వచ్చిన రకంలో పట్టేది 1.44 మెగాబైట్లు, నేటి ఫోన్‌తో తీసిన ఒక్క ఫొటో అందులో ఇమడడం కష్టం. దానిని ఎన్నడూ చేతితో పట్టుకోని పిల్లలు రోజూ దాని బొమ్మను నమ్మకంగా నొక్కుతున్నారు. ఈ బొమ్మ దయవల్ల మరొక సాధన కూడా వర్ధిల్లుతోంది. ఇప్పటి చాలా రాతపరికరాలు అక్షరం కొట్టిన వెంటనే తమంతట తామే భద్రపరుస్తాయి, ఆ మాట తెర మీద రాసి మరీ చూపిస్తాయి. అయినా ఒకనాడు కరెంటు పోయి పది పేజీలు పోగొట్టుకున్న తరానికి చెందినవారు ప్రతి వాక్యం చివర పూర్ణవిరామం పెట్టినంత సహజంగా కంట్రోల్, ఎస్ మీటలను కలిపి నొక్కుతారు. ఈ తరం మీద నాకు ప్రత్యేకమైన గౌరవం ఉంది. వారిని అవహేళన చేసేవారి పేజీలు పోవాలని శపించేంత గౌరవం.

అయితే ఆధునిక కాలంలో ఈ యోగానికి పరాకాష్ఠ ఒక చిన్న గడి. "నియమ నిబంధనలన్నీ చదివి అంగీకరిస్తున్నాను" అన్న వాక్యం పక్కన ఉండే గడిలో టిక్కు పెట్టడం. ఆ నిబంధనలను రాయడానికి న్యాయవాదులు రోజుల తరబడి శ్రమించారు. రాసేటప్పుడే దీనిని ఎవరూ చదవరని వారికి తెలుసు. చదివామని మనం హామీ ఇస్తున్నప్పుడు అది అబద్ధమని మనకు తెలుసు, మనకు తెలుసని వారికి తెలుసు. లోకంలో ఇంత పరస్పర అవగాహనతో నడిచే వ్యవహారం మరొకటి ఉండదు. వెబ్‌సైట్ల గోప్యతా విధానాలను నిజంగానే కూర్చుని చదివితే ఒక్కొక్కరికి ఏడాదికి సగటున 244 గంటలు పడుతుందని అలీసియా మెక్‌డొనాల్డ్, లారీ క్రేనర్ అనే పరిశోధకులు 2008లోనే లెక్కగట్టారు. బ్రిటన్‌లో వీడియో గేములు అమ్మే గేమ్‌స్టేషన్ అనే సంస్థ 2010 ఏప్రిల్ 1న తన నిబంధనల మధ్య, కొనుగోలుదారు తన అమర్త్యమైన ఆత్మను సంస్థకు ధారాదత్తం చేస్తున్నట్టు ఒక వాక్యం చేర్చింది. ఇష్టం లేనివారు వద్దని చెప్పుకునే వీలు కూడా కల్పించింది. ఆ ఒక్కరోజులో దాదాపు 7,500 ఆత్మలు చేతులు మారాయి. తరువాత ఆ సంస్థ ఆ హక్కును వినియోగించుకోబోనని ఉదారంగా ప్రకటించింది. ఈ వ్యవహారంలో నన్ను ఆకట్టుకున్నది ఆత్మలు పోవడం కాదు. ఆత్మను ఇవ్వనని గడి నింపిన కొద్దిమంది ఎవరో, వారు రోజూ ఏ వేళకు నిద్రపోతారో తెలుసుకోవాలని ఉంది.

టిక్కు పెట్టిన తరువాత వచ్చేది పురోగతిని చూపే గీత. ఎడమ నుంచి కుడికి నింపాదిగా పాకే ఆ గీత ఉంటే జనం ఎదురుచూపును మెరుగ్గా భరిస్తారని, దానినే ఇష్టపడతారని బ్రాడ్ మైయర్స్ 1985లో ఒక పరిశోధన పత్రంలో చూపించాడు. కళ్లు ఆర్పకుండా దానిని చూస్తూ కూర్చోవడం నిష్ఫల కర్మలో ధ్యానమార్గమనుకోవచ్చు. చూపు తిప్పితే గీత ఆగిపోతుందన్న బాధ్యతతో కూర్చుంటాము. 99 దగ్గర అది నిలిచిపోయినప్పుడు మౌస్‌ను కాస్త అటూ ఇటూ కదుపుతాము. గీతకు మన ఉనికి గుర్తు చేయడానికి తప్ప ఆ కదలికకు వేరే ప్రయోజనం ఎవరూ సూచించలేదు.

ఇంతదాకా చదివినవారు నేను ఈ అలవాట్లను మాన్పించే ఉద్దేశంతో ఉన్నానని అనుమానించి ఉండవచ్చు. ఆ దురుద్దేశం నాకు లేదు. ఎలెన్ లాంగర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1975లో, మన చేతిలో లేనిది మన చేతిలో ఉన్నట్టు అనిపించడం మీద కొన్ని ప్రయోగాలు ప్రచురించింది. ఒకదానిలో డాలరు ఖరీదు చేసే లాటరీ టికెట్లను కొందరికి వారే ఏరుకునే అవకాశమిచ్చి, కొందరికి ఏదో ఒకటి చేతిలో పెట్టి, ఆ తరువాత తిరిగి అమ్మమంటే ఎంతకు అమ్ముతారని అడిగారు. చేతిలో పెట్టించుకున్నవారు సగటున 1.96 డాలర్లు అడిగితే, ఏరుకున్నవారు 8.67 డాలర్లు అడిగారు. టికెట్ గెలిచే అవకాశం ఇద్దరికీ ఒకటే. తమ వేలు తగిలిన మాత్రాన దాని విలువ నాలుగింతలకు పైగా పెరిగిందని వారు నిజంగా నమ్మారు. దీనిని భ్రమ అని కొట్టిపారేయడం తేలిక. లిఫ్టు తన పని తాను చేసుకుంటోంది, తలుపు తనంతట తాను మూసుకుంటోంది, గీత తన వేగంతో పాకుతోంది, కారును మరెవరో నడుపుతున్నారు. ఇంత స్వయంప్రతిపత్తి గల వస్తువుల మధ్య వేలికి ఏదో ఒక ఉద్యోగం ఇవ్వకపోతే మనిషి ఆ రెండు నిమిషాలు ఏమి కావాలి? చేతులు కట్టుకుని నిలబడమని ఎవరైనా అనవచ్చు. అది నిష్కామకర్మ కంటే కష్టమని నా అనుభవం.

పైగా కొన్ని పనులు నిష్ఫలమని పొరబడతాము. ఫోన్‌లో దారి చెప్పేవాడు గాలిలో చేత్తో కుడివైపు మలుపు చూపిస్తాడు, అవతలివాడికి కనిపించదని తెలిసీ. ఇది ఈ యోగంలో మకుటాయమానమైన ఉదాహరణ అని నేను చాలాకాలం నమ్మాను. అయితే జానా ఐవర్సన్, సూసన్ గోల్డిన్-మెడో 1998లో నేచర్ పత్రికలో ప్రచురించిన పరిశోధనలో, పుట్టుకతోనే చూపు లేనివారు కూడా మాట్లాడేటప్పుడు చేతులు తిప్పుతారని, ఎదుటివారికి కూడా చూపు లేదని తెలిసినా తిప్పుతారని తేలింది. చెయ్యి వినేవాడికోసం తిరగడం లేదు, చెప్పేవాడి ఆలోచనకు తోడుగా తిరుగుతోంది. అందుచేత ఫోన్‌లో చేతులు ఊపేవారిని ఈ శాస్త్రం పరిధి నుంచి సగౌరవంగా తప్పిస్తున్నాను. ఫోన్‌లో పై అధికారి గొంతు వినగానే కుర్చీలోంచి లేచి నిలబడేవారి విషయం పరిశీలనలో ఉంది.

చివరగా, ఏ సిద్ధాంతానికీ లొంగని ఒక ఆచారం మిగిలింది. బల్ల మీది డబ్బాలోంచి కలం తీస్తాము. అది రాయదు. కాగితం మూలన సున్నాలు చుడతాము. దీనిలో తప్పు లేదు. 1938లో లాస్లో బీరో పేటెంట్ పొందిన నాటి నుంచి బాల్‌పాయింట్ కలంలో చిక్కని సిరాను కాగితం మీదికి మోసేది ఒక బుల్లి గుండే కనుక, దాని మీద ఎండిన సిరాను రెండు చుట్లు వదిలించవచ్చు. రెండు చుట్లు ఇరవై అవుతాయి, సున్నాలు గీతలవుతాయి, గీతలు కాగితాన్ని చించుతాయి. నోటి ఆవిరి పడతాము. అరచేతుల మధ్య పెట్టి రుద్దుతాము. అప్పటికి ఆ కలం ఇక రాయదని నిస్సందేహంగా, ప్రత్యక్ష ప్రమాణంతో రుజువవుతుంది. రుజువైన మరుక్షణం దానికి జాగ్రత్తగా మూత పెట్టి, సిరా ఆరిపోకుండా, తీసిన డబ్బాలోనే మళ్లీ పెట్టి, ఇంకొకటి తీస్తాము. అదీ రాయదు, నిన్న దాన్ని కూడా ఇలాగే పరీక్షించి పెట్టాము కాబట్టి. నాకు తెలిసిన ప్రతి డబ్బాలోనూ రాసే కలం ఒక్కటే ఉంటుంది, దానిని ఎవరో పట్టుకెళ్లి ఉంటారు. ఈ రాయని కలాలను పారేయాలని ఎవరైనా ప్రతిపాదిస్తే నా అభ్యంతరం ఒక్కటే. 1990ల నుంచి చాలా కలాల మూతల కొసన ఒక చిన్న రంధ్రం ఉంటోంది. పిల్లలెవరైనా మూతను పొరపాటున మింగి గొంతులో ఇరుక్కుంటే ఊపిరి ఆడడం కోసం పెట్టిన రంధ్రమది. అంత ముందుచూపుతో తయారైన వస్తువును కేవలం రాయడం లేదన్న సాకుతో ఉద్యోగంలోంచి తీసేయడం నాకు సమంజసంగా తోచడం లేదు. డబ్బాలో ఇంకా చోటుంది.